నలుపు కొస

ఫిబ్రవరి 11

అక్కా,

తప్పులు కనిపిస్తే నవ్వకు. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో నాకు ఇప్పటికీ అనుమానమే. అయిదో తరగతిలో బడి మానేశాక నా పేరు తప్ప పెద్దగా ఏమీ రాసింది లేదు. అక్షరాలు చూడు, వాన రాగానే చూరు కిందికి పరిగెత్తే కోళ్లలా ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఫోన్ చెయ్యొచ్చు కదే అంటావు. ఫోను మా ఆయనతో పాటు ఫోటో స్టూడియోలో ఉంటుంది. వచ్చేపోయే వాళ్ల ముందు నాకు గొంతు పెగలదు. నువ్వు "బాగున్నావా" అంటావు, నేను "ఆఁ" అంటాను, అంతే. కాగితమైతే నా మొహం చూడదు కదా, దాని ముందు సిగ్గు ఉండదు.

ఒక విశేషం. నేను కంప్యూటరు నేర్చుకుంటున్నాను. నవ్వకు అన్నానా లేదా!

కాపురానికి వచ్చిన కొత్తలో స్టూడియో వెనక గదిలో టీ గ్లాసు పెట్టేసి పారిపోయేదాన్ని. ఒకరోజు ఆయన ఎవరో పెళ్లికూతురి ఫోటో సరిచేస్తుంటే, "ఆ పిల్ల వేరే పిల్లలా అయిపోయింది" అని నోరు జారాను. కోప్పడతారనుకున్నాను. లేచి నిలబడి, "అయితే నువ్వు కూర్చో, ఆ పిల్లని మళ్లీ తీసుకురా" అన్నారు. అలా మొదలైంది.

ఏ ఫోటో తెరిచినా పక్కన ఒక చిన్న గుట్ట కనిపిస్తుంది. ఫోటోలో ఉన్న వెలుగూ చీకటీ అంతా పోగేసి పోసినట్టు ఉంటుంది. ఎడమ కొస నలుపు, కుడి కొస తెలుపు. నలుపు వైపు ఉన్నవి షాడోలు, తెలుపు వైపు ఉన్నవి హైలైట్లు, నడిమివి మిడ్‌టోన్లు. మనుషుల మొహాలు ఎక్కువగా నడిమిలోనే ఉంటాయి. నేను మొదట్లో ఫోటో చీకటిగా ఉందనిపిస్తే మొత్తాన్ని ఒకేసారి వెలిగించేదాన్ని. తెల్ల చొక్కాలన్నీ వెళ్లి గోడలో కలిసిపోయేవి. "ఇంట్లో ఒకడికి జ్వరం వస్తే అందరికీ మందు పోస్తావా? ఎవరికి తక్కువైందో చూసి వాళ్లనే ముట్టుకో" అని ఆయన అన్నాక అర్థమైంది.

గుట్ట ఏ కొసనైనా గోడలా నిటారుగా నిలబడిందంటే అక్కడ ఏదో నలిగిపోయిందని గుర్తు. నలిగిపోయింది ఇక రాదు. తెలుపు వైపు నలిగితే ఎంత దించినా వట్టి బూడిద రంగే వస్తుంది. నలుపూ అంతే. కానీ నలగని నలుపు ఉందే, అది చాలా దాచుకుంటుంది అక్కా. మనకి మసిలా కనిపిస్తుంది, మెల్లగా లేపితే ఒక్కొక్కటే పైకి వస్తాయి. మొన్న ఒక ముసలాయన నల్లకోటులో గుండీలు దొరికాయి. మా ఆయన్ని పిలిచి చూపించాను. "నిన్ను పోలీసులకి అప్పగించాలి, దొంగలు దొరుకుతారు" అన్నారు.

ఆయనకి ఒకే ఒక్క పట్టింపు. కెమెరాలోంచి వచ్చిన అసలు ఫోటోని ముట్టుకోకూడదు. నకలు తీసుకుని దాన్ని ఏమైనా చేసుకోవచ్చు. కూర మాడ్చినా ఏమీ అనని మనిషి, ఈ ఒక్కటీ మాత్రం రోజూ చెబుతారు.

బావ కాపలా కాసే పరుపుల గోదాము ఫోటోలు, ఆయన చెప్పి ఇప్పించినవి, పూర్తయ్యాయి. మీ యజమానికి నచ్చాయట. పక్క తలుపు దగ్గర, రేకుల పంచ కింద చీకటి ఎక్కువైంది అన్నాను నేను. "గోడ తెల్లగా మెరవాలంటే ఎక్కడో చీకటి ఉండాలి, అటు ఎవరు చూస్తారు" అన్నారు ఈయన. బావకి మా ఇద్దరి తరఫునా కృతజ్ఞతలు చెప్పు. పిల్లలకి ముద్దులు.

నీ పిచుక


మార్చి 2

పిచుకా,

నీ ఉత్తరం చదివి పడీపడీ నవ్వాను. ఇంత మాట్లాడేదానివి ఇన్నాళ్లూ ఎక్కడ దాచుకున్నావే అనుకున్నాను. జవాబు మొదలుపెట్టి కూడా పక్కన పెట్టాను. ఇది అది కాదు. అది చింపేశాను.

గోదాము కాలిపోయింది. మధ్యాహ్నం పూట. పరుపుల నురగ ముందు గుమ్మం దగ్గరే అంటుకుంది, ఇంక చూడక్కర్లేదు. లోపల మూటలు సర్దుతున్న ముగ్గురు కూలీలు లోపలే పోయారు. మీ బావ ప్రాణానికి ఏమీ కాలేదు. అరచెయ్యి కాలింది. కట్టు కట్టారు.

పోయిన వాళ్ల ఆడవాళ్లు మా గుమ్మం ముందు కూర్చుంటున్నారు. పక్క తలుపుకి తాళం వేసి ఉందట, అందుకే బయటికి రాలేకపోయారట, కాపలా ఉన్నది మీ బావ కాబట్టి తాళంచెవి మీ బావ దగ్గరే ఉందట. యజమానేమో తాళమనేదే లేదంటున్నాడు. మీ బావ కూడా అదే చెప్పాడు. తాళం వేసి ఉందని తేలితే మాత్రం జైలే. ఇంట్లో అన్నం నోటికి పోవడం లేదు ఎవరికీ.

నిన్న వాళ్లలో ఒకావిడ నా కొంగు పట్టుకుంది. "నీ మొగుడి దగ్గర తాళంచెవి లేదని నీ పిల్లల మీద ఒట్టేసి చెప్పు" అంది. వీధి వీధంతా చూస్తోంది. ఇద్దరి తలల మీదా చేతులు పెట్టి వేశాను. నాకేం భయం? ఉన్న మాటే కదా. ఆవిడ నా మొహంలోకి చూసి కొంగు వదిలేసింది.

ఇప్పుడు విను. మా మరిది తీసిన ఫోటోలో ఆ పక్క తలుపు ఉంది. తీసింది కూడా భోజనాలయ్యాక, వాళ్లు పనిలో ఉన్న వేళే. ఆ రోజు అందరికీ టీ పంపింది నేనే కాబట్టి నాకు బాగా గుర్తు. కోటులోంచి గుండీలు తీసినదానివి, ఆ పంచ కింద తలుపుని బయటికి తియ్యి. తాళం లేని తలుపుని జనం చూస్తే చాలు. ఫోటో పంపుతుంది మా చెల్లెలు అని వాళ్లకి చెప్పేశాను కూడా.

త్వరగా.

అక్క


మార్చి 8

అక్కా,

ఉత్తరం అందింది. పోయిన వాళ్ల సంగతి తలుచుకుంటే ఏం రాయాలో తెలియడం లేదు.

ఫోటో చూశాను. అక్కడ ఏమీ కనబడదు. బాగా చీకటి. లేపితే ఇసక చల్లినట్టు గరుకు వస్తుంది, అంతే. కొన్ని అలాగే ఉంటాయి. నేను కొత్తగా నేర్చుకుంటున్నదాన్ని, నా మాటలు పట్టుకోకు. ఏదో గొప్పకి రాశాను.

ఫోటో సంగతి వదిలెయ్యి. రాలేదు, పాడైంది అని చెప్పెయ్యి వాళ్లకి. ఇంకెవరి మీదా ఒట్లు వెయ్యకు, నీకు దండం పెడతాను. కొన్నాళ్లు పిల్లల్ని తీసుకుని ఇక్కడికి రాకూడదా? వెనక గది ఖాళీ చేస్తాను.

బావకి ఏ చెయ్యి కాలింది?

నీ పిచుక


మార్చి 15

చెల్లీ,

పిచుక అని పిలవబుద్ధి కావడం లేదు.

ఏమీ కనబడదా? నలగని నలుపు చాలా దాచుకుంటుంది అని నాకు పాఠం చెప్పింది ఎవరు? ముసలాయన గుండీలు కనిపిస్తాయి, మీ బావ ప్రాణం కనిపించదా?

నిజం చెప్పు. మా మరిది వద్దన్నాడా? స్టూడియో పేరు పోలీసుల నోట్లో పడుతుందని భయమా? లేక యజమాని మనుషులు ఎవరైనా వచ్చి కలిశారా? ఆయనకి కావాల్సింది కూడా తాళం లేదనే కదా, ఇంక మీకేమిటి అడ్డం? ఎంత ఆలోచించినా నాకు అంతుబట్టడం లేదు. ఒకటే అర్థమవుతోంది. మా గొడవ మీ గుమ్మం తొక్కకూడదని చూస్తున్నారు. వెనక గది ఖాళీ చేస్తుందట! నేను అడిగింది గదా?

బళ్లో పంతులమ్మ నీ పేరు అడిగితే ఏడ్చేదానివి. నీ పేరు నేను చెప్పేదాన్ని. పెళ్లిచూపుల్లో మా మరిది అడిగిన వాటికి కూడా నేనే జవాబు చెప్పాను, ఆయన నన్ను చేసుకోబోతున్నాడా నిన్నా అని అందరూ నవ్వారు. జీవితంలో ఒక్కసారి నా తరఫున నువ్వు నోరు తెరవాల్సి వచ్చింది. తెరిచి "ఏమీ కనబడదు" అన్నావు.

ఆడవాళ్లు వెక్కిరిస్తున్నారు, "ఏదమ్మా నీ చెల్లెలి ఫోటో, నడిచి వస్తోందా" అని. పెద్దదాన్ని బళ్లో "తాళం, తాళం" అని పిలుస్తున్నారట. బడికి పోనంటోంది.

కుడి చెయ్యి. అడిగావుగా. ఎందుకడిగావో నీకే తెలియాలి.

మీ అక్క


మార్చి 20

అక్కా,

మా ఆయన్ని ఏమీ అనకు. ఆయనకి ఏమీ తెలియదు. చూసింది నేనొక్కదాన్నే. ఎవరూ రాలేదు, ఎవరూ ఏమీ అడగలేదు. నువ్వే పిల్లల మీద ఒట్టు వేశానని రాశావు, ఆ ముక్క చదివాక నా చేత్తో నిజం రాయలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను. కూర్చుని చదువు.

అచ్చు వేసిన దాంట్లో చీకటే. అసలు ఫోటోలో నలుపు నలగలేదు. నకలు తీసుకుని షాడోలు కొంచెం లేపాను. ముందు పంచ రేకుల గీతలు వచ్చాయి. తరవాత తలుపు. గొలుసు. గొలుసుకి తాళం.

ఇంకొంచెం లేపాను. ఆ నల్లదంతా గోడ అనుకున్నాను కదా, అందులో సగం మనిషి. బావ ఉన్నారు. ఆ చారల చొక్కా, నువ్వు కుట్టించిందే. మెడలో తాడు, తాడుకి తాళంచెవి. కుడి చెయ్యి తాళం మీద ఉంది. నొక్కుతున్నట్టు ఉంది.

నువ్వు ఇప్పుడు అనుకోబోయేదే నేనూ అనుకున్నాను అక్కా. వేస్తున్నారో తీస్తున్నారో ఎవరు చెప్పగలరు, లోపల ఎవరూ లేరేమో అని. అందుకని మిడ్‌టోన్లు కూడా ముట్టుకున్నాను. తలుపు సందులోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి ఉంది. ఖాళీ నీళ్ల సీసా అందిస్తోంది బావకి.

అంతే. ఇంతకన్నా లేపలేదు. ఆ నకలు తీసేశాను. అసలుది అలాగే ఉంది.

నీకు ఎలా చెప్పాలో తెలియక అబద్ధం చెప్పాను. నువ్వు నన్ను ఏమన్నా పడతాను. బావ మంచివాళ్లు. నాకు తెలుసు. ఆ ఫోటోలో కూడా ఆ సీసా తీసుకోవడానికి రెండో చెయ్యి చాపే ఉన్నారు.

ఏం చెయ్యమంటావో చెప్పు.

పిచుక


మార్చి 29

పిచుకా,

నీ ఉత్తరం మీ బావ ముందు పెట్టాను. చదవలేదు. నేను మాటల్లో చెప్పాను, "ఫోటోలో నువ్వు ఉన్నావు" అని. కాదు, లేదు, అబద్ధం అంటాడనుకున్నాను. నిజంగా అనుకున్నాను. "ఏ ఫోటోలో?" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు. ఆ ఒక్క మాటతో.

తరవాత అంతా చెప్పాడు. సరుకు బయటికి పోతోందని యజమానికి అనుమానం. అందుకని భోజనాలయ్యాక కూలీలని లోపలికి పంపి బయట తాళం వెయ్యమని ఉత్తరువు. సాయంత్రం తీసేవాడు. ఎవరికైనా దాహమైతే సందులోంచి సీసా ఇస్తే పట్టి ఇచ్చేవాడు. వాళ్లూ ఇతనూ జోకులు వేసుకునేవాళ్లట, "జైలరు గారూ, మీ జైల్లో నీళ్లు చల్లగా ఉన్నాయి" అని.

ఆ రోజు పొగ చూసి తలుపు దగ్గరికి పరిగెత్తాడు. తాళం పట్టుకున్నాడు, చెయ్యి కాలింది. తాళంచెవి మెడలోనే ఉంది పిచుకా. పెట్టి తిప్పడమే. కానీ అడగకుండా ఆ తాళం తీస్తే ఊరుకోనని ఒకసారి యజమాని అందరి ముందు చెంప మీద కొట్టాడట. నాకు ఇన్నాళ్లూ చెప్పలేదు. అడిగి వద్దామని ఆఫీసు గదికి పరిగెత్తాడు. అడగడానికి! లోపల వాళ్లు పేరు పెట్టి పిలుస్తుంటే, "ఉండండి, ఇప్పుడే వస్తాను" అని చెప్పి మరీ వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి ఎవరూ పిలవడం లేదు. అప్పుడు తీశాడు తాళం. తీసి, గొలుసుతో సహా బావిలో పడేశాడు. పడెయ్యమన్నది యజమానే.

చెబుతున్నంతసేపూ కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని చూసుకుంటూనే ఉన్నాడు. నేను ఓదార్చలేదు. కొట్టనూ లేదు. లేచి పిల్లల బట్టలు మడతపెట్టాను.

ఇప్పుడు నేను అడిగేది విను, తరవాత నన్ను అసహ్యించుకో. ఫోటో ఉందని అందరికీ చెప్పుకున్నది నేనే. తుడిచేస్తే ఎందుకు తుడిచారంటారు. ఉండాలి, అందులో ఏమీ ఉండకూడదు. నలిగిపోయిన నలుపు ఇక రాదని నువ్వే రాశావు. నలిపెయ్యి.

ఆయన జైలుకి పోతే పోయిన వాళ్లు రారు. యజమాని పోడు, ఇతనే పోతాడు. పిల్లల మీద ఒట్టు వేసి ఉన్నాను. ఆ ఒట్టు నిజమయ్యేలా చెయ్యి. నాకు వేరే దారి కనిపించడం లేదు.

నీ అక్క


ఏప్రిల్ 19

అక్కా,

కేసులో బావ పేరు లేదని ఈయనకి ఫోన్లో చెప్పావట. నన్ను పిలవమనలేదట. మంచిదే. ఏం మాట్లాడుకుంటాం.

నువ్వు చెప్పినట్టే చేశాను. ఈయన బడిపిల్లల ఫోటోలు తియ్యడానికి వెళ్లిన పూట కూర్చున్నాను. నలుపు కొసని పట్టుకుని లోపలికి జరిపాను. జరుపుతుంటే ముందు తలుపు సందులోని చెయ్యి పోయింది. తరవాత సీసా. బావ చొక్కా చారలు చాలాసేపు ఉన్నాయి, అవీ పోయాయి. దాచబోతే, పాత దాని మీదే రాసెయ్యమంటావా అని కంప్యూటరు అడిగింది. ఎప్పుడూ అడిగేదే, ఆ పూట మాత్రం మనిషి అడిగినట్టు అనిపించింది. అవును అని నొక్కాను. నిజంగా పోయిందో లేదో చూద్దామని మళ్లీ లేపాను. నలుపు పోయి బూడిద రంగు పలక ఒకటి వచ్చింది. ఎంత లేపినా పలకే.

నాలుగు రోజుల కిందట ఒకావిడ స్టూడియోకి వచ్చింది. బస్సు దిగి అడుగుతూ అడుగుతూ వచ్చిందట. పోయిన ముగ్గురిలో ఒకాయన భార్య. నీ కొంగు పట్టుకున్నావిడేనో కాదో, నేను అడగలేదు. గుర్తింపు కార్డు మీది ఫోటో పెద్దది చేసి ఇమ్మంది. ఈయన నన్నే చెయ్యమన్నారు. టోపీ నీడలో మొహం సగం కనిపించడం లేదు. లేపాను. కళ్లు వచ్చాయి. ఇంకొంచెం లేపాను. ఆవిడ నా భుజం మీద తట్టి, "అంత తెలుపు వద్దు తల్లీ, నా మొగుడు నలుపే. వెనక్కి పోనియ్యి. ఇంకా. ఆఁ, అదుగో, వచ్చాడు" అంది. అని నవ్వింది కూడా.

తరవాత అంది, "మీరు ఆ గోదాము ఫోటో తీశారట కదా. ఆ తలుపు ఒకసారి చూపించండి బాబూ. మీ వదిన గారు పంపుతామన్నారు, రాలేదు."

ఈయన "చూద్దాంలే అమ్మా" అని అసలుది తెరిచారు. తెరవగానే పక్కన గుట్ట కనిపించింది. ఎడమ కొసన గోడలా నిలబడి ఉంది. ఈయన దాన్ని చూశారు. తరవాత నన్ను చూశారు. నేను ఆ కార్డునే చూస్తూ ఉన్నాను. ఈయన ఆవిడ కోసం షాడోలు లేపడం మొదలుపెట్టారు. రాదని తెలిసి కూడా చివరి దాకా లేపారు. బూడిద రంగు పలక.

"వెలుతురు చాల్లేదమ్మా. కెమెరాకి అందలేదు" అన్నారు.

ఈయన ఎవరితోనూ అబద్ధం చెప్పగా నేను వినలేదు అక్కా. మొదటిది నా కోసం చెప్పారు, ఆవిడతో చెప్పారు.

ఆవిడ లేచి తెర దగ్గరికి వచ్చి, వేలు పెట్టి, "తలుపు ఇక్కడేనా?" అంది. ఇక్కడే అన్నాను. వేలు అక్కడే ఉంచింది. "లోపలి నుంచి వాళ్లకీ ఇట్లాగే కనిపించి ఉంటుంది" అంది. ఎవరితోనూ కాదు. తరవాత నా తల నిమిరింది. "పోనీలే తల్లీ, నువ్వు తీసి చూపించావు. మేం వెళ్లిన చోటల్లా లోపలికే రానివ్వలేదు" అంది. ఫోటో చీర మడతలో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆవిడ వెళ్లాక ఈయన అడిగింది ఒక్కటే. "మీ బావేనా?" తల ఊపాను. ఈయన అరవలేదు. మర్నాడు నేను కూర్చుంటే కంప్యూటరు పాస్‌వర్డ్ అడిగింది. అంతకు ముందు ఎప్పుడూ అడగలేదు. నేను లేచి టీ పెట్టడానికి వెళ్లాను. అప్పటినుంచి గ్లాసు అక్కడ పెట్టి వచ్చేస్తున్నాను.

పిల్లల తలల మీద నువ్వు వేసిన ఒట్టు ఇప్పుడు నిజమే. ఎవరు ఏ వైపు నుంచి చూసినా అక్కడ తాళం లేదు. పెద్దదాన్ని బడికి పంపు. బావని నేను తిట్టడం లేదు. కానీ ఆయన ఎదురుపడితే నమస్కారం పెట్టలేను, కొన్నాళ్లు రాను, మీరూ రావద్దు.

పిచుక

ఈ కాగితాన్ని ఇంట్లో ఉంచకు, చించి పారెయ్యకు. చదివిన చోటి నుంచి లేచి పొయ్యిలో పెట్టు. అంటుకుందిలే అని వచ్చెయ్యకు. అక్షరం మిగలకుండా కాలేదాకా పక్కనే నిలబడు. మధ్యలో ఎవర్నీ ఏమీ అడగడానికి వెళ్లకు.